కొండ మీద తింటానంది

3, మంగళవారం

ఇవాళ తింది. నేను కళ్ళారా చూడలేదు గానీ, ముందుగదిలోంచి లోపలికి వెళ్ళేసరికి పళ్ళెం ఖాళీగా ఉంది, చెంచా తడిగా ఉంది. "తిన్నావా?" అంటే "తిన్నానమ్మా" అంది. ఇంకేం కావాలి? ప్రతిదానికీ కూపీ లాగుతూ కూర్చుంటే కన్నతల్లికీ పోలీసుకీ తేడా ఏముంటుంది?

మళ్ళీ నీలం ప్యాంటు తెచ్చి నా కుట్టు మెషిన్ మీద పెట్టి వెళ్ళింది. నడుము దగ్గర వదులైందట. ఈ కాలేజీ ప్యాంట్లన్నీ ఇంతే, నాలుగు ఉతుకులకే సాగిపోతాయి, గుడ్డలో పస ఉండదు. రెండు పక్కలా కుట్టు లోపలికి జరిపి బిగించాను. లోపల మిగిలిన గుడ్డ మాత్రం కత్తిరించలేదు. రేపు కాస్త ఒళ్ళు చేస్తే పై కుట్టు విప్పేస్తే సరిపోతుంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, ఇవాళ సన్నబడుతుంది, రేపు లావవుతుంది. ఇందులో గాభరా పడాల్సిందేమీ లేదు.

5, గురువారం

మా ఆడపడుచు ఫోన్ చేసింది. ఆసుపత్రిలో సెలవు దొరికిందట, వచ్చే వారం శనివారం వస్తుందట. "ఆదివారం అందరం కలిసి కొండెక్కుదాం వదినా, పోయిన ఏడాది కుదరనే లేదు" అంది. రమ్మన్నాను. రావొద్దని ఎలా అంటాను?

మంచి మనిషే. కానీ ఇన్నేళ్ళు నర్సుగా చేసి చేసి, ఎదుటివాళ్ళు తుమ్మితే చాలు, జాతకం మొత్తం చెప్పేస్తుంది. పోయినసారి వచ్చినప్పుడు మా ఆయన గోళ్ళు చూసి రక్తం తక్కువగా ఉందంది. ఆయన నెల రోజులు లిఫ్టులు బాగుచేయడం మానేసి గోళ్ళు చూసుకుంటూ తిరిగారు.

కొండ మాట వినగానే బుంగ మొహం వెలిగింది. చిన్నప్పుడు అయినదానికీ కానిదానికీ బుంగమూతి పెట్టేది కాబట్టి మా అమ్మాయికి ఆ పేరే ఖాయమైపోయింది. ఇప్పుడు మూతి బిగించినా బుగ్గలు రావడం లేదు. పెద్దదవుతోంది మరి.

6, శుక్రవారం

ఇవాళా తింది. పళ్ళెం కడిగి మరీ పెట్టింది. ఎంత బుద్ధిమంతురాలో.

9, సోమవారం

అక్షరాలు కోడిగీతల్లా వస్తున్నాయి.

మధ్యాహ్నం కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. బుంగ మెట్ల మీద కళ్ళు తిరిగి పడిందట. వెళ్ళి ట్యాక్సీలో ఎక్కించుకుని మా వీధి చివర క్లినిక్‌కి తీసుకెళ్ళాను. డాక్టరు చిన్నపిల్లలా ఉంది, కానీ మాట కరుకు. దాన్ని బరువు తూచే మెషిన్ మీద నిలబెట్టింది. ఆ కాసేపూ నేను గోడకున్న కళ్ళ పరీక్ష పటంలో అక్షరాలు చదువుతూ నిలబడ్డాను. అంకె ఎంతో ఆవిడ పైకే చెప్పింది. ఇక్కడ రాయను.

తర్వాత పిల్లని బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచింది. "ఇది నీరసం కాదమ్మా. తిండి మానేసే జబ్బు. గుండె కొట్టుకోవాల్సిన దానికన్నా చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది. రేపే పెద్దాసుపత్రిలో చేర్చండి. అప్పటిదాకా మెట్లు కూడా ఎక్కనివ్వకండి. వాళ్ళ నాన్నగారిని వెంటబెట్టుకుని రండి."

తిండి మానేసే జబ్బట. రోజూ పళ్ళేలు కడిగేది నేనా, ఆవిడా?

ఇంటికొచ్చాక బుంగ మెషిన్ పక్కన నేల మీద చతికిలబడింది. "నాన్నకి చెప్పకమ్మా" అంది.

"చెప్పకపోతే ఎలాగే?"

"ఆదివారం దాకా ఆగు. నన్ను కొండెక్కనీ. పైన అందరితో కూర్చుని తింటాను. నువ్వేం పెడితే అది, నీ కళ్ళెదురుగా. ఆ తర్వాత కూడా ఆసుపత్రి అంటే నీ ఇష్టం."

"మాటిస్తావా?"

"నీ మీద ఒట్టు."

నా మీద ఒట్టు వేసి అది ఎప్పుడూ తప్పలేదు. సాయంత్రం ఆయన వచ్చి "పిల్లేది?" అంటే, "తలనొప్పని పడుకుంది" అన్నాను.

10, మంగళవారం

బాగా ఆలోచించాను. ఆసుపత్రిలో వేస్తే ఏం చేస్తారు? ముక్కులో గొట్టం పెట్టి పాలు పోస్తారు. అలా పోస్తే ఎవరికైనా తిండి మీద అసహ్యం పుడుతుంది గానీ ఆకలి పుడుతుందా? అదే కొండ మీదైతే చల్లగాలి, నడక, నలుగురి మధ్య సరదా. కడుపు కాలుతుంది. ఒక్కసారి తిండి రుచి తగిలిందంటే మిగతాదంతా దానంతట అదే సర్దుకుంటుంది. డాక్టరు పుస్తకం చూసి చెప్పింది. నేను కన్నదాన్ని.

క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. మెషిన్ చప్పుడులో వినపడలేదు.

మళ్ళీ వచ్చింది. అప్పుడూ మెషిన్ నడుస్తూనే ఉంది.

12, గురువారం

బుంగ చలికోటు విప్పి మళ్ళీ కుట్టాను. పోయిన ఏడాదిది. హ్యాంగరుకి తగిలించినట్టు వేలాడుతోంది. పక్క కుట్లు బిగించాను. బిగిస్తే భుజాలు మరీ కుంచించుకుపోయినట్టు కనిపించాయి, అందుకని భుజాలకి లోపల స్పాంజి పెట్టాను. వీపుకీ చేతులకీ దూది పరిచి గళ్ళగళ్ళుగా కుట్టిన లైనింగ్ వేశాను. పైన చలి ఎక్కువ కదా, చలికోసమే. వేసి చూస్తే ముచ్చటగా ఉంది. అద్దంలో చూసుకుని అదే అంది, "ఎవరికీ తెలీదమ్మా" అని. ఏం తెలీదని నేను అడగలేదు.

ఇంతలో ఒకాయన కోటు పట్టుకొచ్చాడు. పొట్ట పెరిగింది, బొత్తం పడటం లేదు, కాస్త వదులు చేయమని సిగ్గుపడుతూ చెప్పాడు. "సిగ్గెందుకు బాబూ, అదృష్టవంతులు" అన్నాను. నాకేదో అయిందన్నట్టు చూశాడు.

13, శుక్రవారం

పైన తింటుంది. తింటుంది. తింటుంది.

14, శనివారం

మా ఆడపడుచు వచ్చింది. సంచీ కింద పెట్టకముందే "ఏదే నా మేనకోడలు?" అని బుంగని కావలించుకుంది. ఇంట్లో చలికోటు ఏమిటే అని అడిగితే "రేపటికి అలవాటు చేసుకుంటున్నానత్తా" అంది బుంగ. మా ఆడపడుచు నవ్వింది గానీ, వదలాల్సిన దానికన్నా కాసేపు ఆలస్యంగా వదిలింది. దాని భుజం మీదుగా నా వైపు చూసింది. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను.

భోజనాల దగ్గర బుంగ కడుపునొప్పి అని లేచిపోయింది. "ఇది బాగా సన్నబడింది అన్నయ్యా" అందావిడ.

"అదేం లేదులే, వయసు. పోయిన ఏడాది బట్టలే ఇప్పటికీ సరిగ్గా సరిపోతున్నాయి" అన్నారాయన, తింటూ.

నా చేతిలోంచి గరిటె జారింది. తీసి కడిగాను. రేపు ఈపాటికి అంతా తేలిపోతుంది. రేపు ఈపాటికి అది తిని ఉంటుంది, నేనే ఆయనకి నవ్వుతూ చెబుతాను, పెద్ద గండం గడిచిందండీ అని.

15, ఆదివారం

రాయలేను.

16, సోమవారం. ఆసుపత్రి వరండా

లోపలికి రానివ్వడం లేదు. కూర్చుని చేసేదేమీ లేదు. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

పొద్దున బస్సు దిగేసరికి ఎండ పల్చగా ఉంది. ఆయన మంచి హుషారులో ఉన్నారు. మొదటి మలుపు దాటగానే ఆయాసపడుతూ రాయి మీద కూలబడి, "ఊళ్ళో అందరినీ పైకెక్కించేవాడికి ఈ గతి ఏంటి? ఈ కొండకొక లిఫ్టు పెట్టమను, నెలనెలా నేనే వచ్చి గ్రీజు రాసి వెళ్తాను" అన్నారు. అందరం నవ్వాం. బుంగ కూడా పళ్ళు కనిపించేలా నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళైందో.

అది మాకన్నా ముందు నడిచింది. మలుపు తిరిగి కనపడకుండా పోయేది, అంతలోనే మళ్ళీ కిందికి వచ్చేది. "మీకోసం వచ్చాను" అనేది. మాతో నాలుగడుగులు వేసి మళ్ళీ పైకి పరిగెత్తేది. అలా ప్రతి మలుపు దగ్గరా. మేం ఒక కొండెక్కుతుంటే అది రెండు కొండలెక్కింది. "చూశావా ఎంత చలాకీగా ఉందో" అన్నాను మా ఆడపడుచుతో.

"చూస్తూనే ఉన్నాను" అంది. "ఇంత ఎక్కినా దానికి చెమట పట్టలేదు వదినా."

చల్లగా ఉంటే చెమటెందుకు పడుతుంది అన్నాను.

కొంత దూరం పోయాక దారికడ్డంగా ఒక సన్నటి సెలయేరు ఉంది, రాళ్ళ మీద అడుగేస్తూ దాటాలి. మా ఆడపడుచు బుంగ చెయ్యి పట్టుకుని దాటించింది. దాటాక కూడా వదల్లేదు. కబుర్లు చెబుతూనే మణికట్టు మీద వేళ్ళు అదిమి పట్టుకుంది. బుంగకి అర్థం కాలేదు, నాకు అర్థమైంది. ఆవిడ మొహంలో రంగు మారింది. బుంగ ముందుకు వెళ్ళిపోయాక నా పక్కకి వచ్చింది.

"దీన్ని డాక్టరుకి చూపించావా వదినా?"

"చూపించాను. పోయిన సోమవారమే."

"ఏమన్నారు?"

"బాగానే ఉందన్నారు. కాస్త రక్తం తక్కువట."

"కొండెక్కొచ్చన్నారా?"

"ఆఁ."

ఇంత తేలిగ్గా వచ్చింది నా నోట్లోంచి. అప్పటికి సగం కూడా ఎక్కలేదు. ఒక్క మాట, కాదు, ఎక్కొద్దన్నారు అని ఉంటే, అక్కడే వెనక్కి తిరిగేవాళ్ళం. మెల్లగా దిగి బస్సెక్కేవాళ్ళం. నేను తలెత్తి చూశాను. చెట్ల పైనుంచి శిఖరం కనిపిస్తోంది. అంతదాకా వచ్చి అది ఇచ్చిన మాట పోగొట్టుకుంటానా అనుకున్నాను.

మా ఆడపడుచు ఒక రాయి చూసి కూర్చుంది. "నా మోకాలు పట్టేసింది. ఇక నావల్ల కాదు. ఇక్కడే తినేసి దిగిపోదాం" అంది. ఆవిడ మోకాలికి ఏమీ కాలేదు. రోజంతా వార్డులో నిలబడే మనిషి.

"ఇక్కడ కాదత్తా, పైనే" అంది బుంగ, నా వైపు చూస్తూ.

"అవును, పైనైతే బావుంటుంది" అన్నాను నేను. నేనే అన్నాను.

పైన బల్లపరుపుగా పెద్ద బండ ఉంది. గాలి గట్టిగా వీస్తోంది. దుప్పటి పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టాను. రొట్టెలు, ఉడికించిన గుడ్లు, అరటిపళ్ళు తీశాను. బుంగ నాకెదురుగా కూర్చుని గుడ్డు పెంకు తీసింది. చిన్న ముక్క కూడా విరగకుండా, ఎంతో నిదానంగా. తర్వాత తింది.

నిజంగా తింది. ఒక్కో ముక్కా నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, నేను చూస్తున్నానా లేదా అని నా కళ్ళలోకి చూసింది. గుడ్డు అయింది. రొట్టె అయింది. అరటిపండు సగం అయింది. ఆయన పాత లిఫ్టు ఒకటి మధ్యలో ఆగిపోయిన కథ చెబుతున్నారు, పక్కన ఏం జరుగుతోందో ఆయనకి తెలియదు. నా కళ్ళు కారిపోతున్నాయి. గాలి అన్నాను.

"చాలా అమ్మా?" అంది.

"ఇంకొంచెం" అన్నాను.

ఇంకొంచెం తింది.

అప్పుడు మా ఆడపడుచు వైపు తిరిగాను. చూశావా, నా కూతురు తింటోంది, ఇప్పుడేమంటావ్ అన్నట్టు చూశాను. గెలిచాననుకున్నాను. ఆవిడ పళ్ళెం వైపు చూడటం లేదు. గుడ్డు పట్టుకున్న వేళ్ళ వైపు చూస్తోంది. గోళ్ళు నీలంగా ఉన్నాయి. అది నాకూ కనిపించింది. చలికి అనుకున్నాను. అన్నిటికీ చలే దొరికింది నాకు.

దిగేటప్పుడు బుంగ పరిగెత్తలేదు. నా పక్కనే నడిచింది. రెండో మలుపు దగ్గర ఆగి, "అమ్మా, నేల కనిపించడం లేదు" అంది. ఏమిటో అనుకునేలోపే మోకాళ్ళు మడత పడి కూలిపోయింది. కేక కూడా లేదు.

మా ఆడపడుచు నన్ను పక్కకి తోసేసి దాన్ని వెల్లకిలా పడుకోబెట్టింది. కాళ్ళ కింద సంచీ పెట్టించింది. "గాలాడనివ్వండి" అంటూ కోటు జిప్పు లాగి, చేతులు ఒక్కొక్కటే బయటికి తీసింది. పిల్ల భుజాలు కోటుతోపాటే వచ్చేశాయి. స్పాంజీ, దూదీ కోటులోనే ఉండిపోయాయి, లోపలున్నది బయటపడింది. ఆయన "ఇదేంటి, ఇదేంటి" అని మాత్రం అంటున్నారు.

ఊపిరాడటానికి ప్యాంటు బొత్తం విప్పి నడుము పట్టీ వెనక్కి మడిచింది. మడిచి, ఆగిపోయింది. లోపల కుట్టు పక్కన కుట్టు, దాని పక్కన ఇంకో కుట్టు, దాని పక్కన మరోటి. ఒకటి లేత నీలం దారం, ఆ రీలు అయిపోయాక కొన్నది ముదురు నీలం. నేను కత్తిరించకుండా ఉంచిన గుడ్డంతా మడతలు పడి చేతి మందాన ఉంది. ఎప్పుడెప్పుడు ఎంతెంత తగ్గిందో చూపిస్తూ కుట్లు వరసగా ఉన్నాయి. ఆవిడ వాటి మీద వేలు పెట్టి చూసింది.

"ఇవన్నీ నువ్వేనా వదినా?"

"నేనే."

ఆవిడ పట్టీ వదిలేసింది. మెడ దగ్గర నాడి చూస్తూ ఆయనతో అంది, "అన్నయ్యా, ఎత్తుకో. పరిగెత్తకు. కానీ ఎక్కడా ఆగకు."

ఆయన వీపున ఎత్తుకున్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి నన్ను చూశారు. "ఏంటే ఇది, దీనికి బరువే లేదు" అన్నారు.  కొంత దూరం దిగాక మళ్ళీ అదే అన్నారు. ఎక్కేటప్పుడు ఒట్టి చేతులతో రొప్పిన మనిషి, దిగేటప్పుడు కూతుర్ని మోస్తూ ఎక్కడా ఆగలేదు. కోటు పట్టుకుని వెనకాలే నడిచాను. తల ఆయన భుజం మీద అటూ ఇటూ ఊగుతోంది. బుంగా, బుంగా అని పిలుస్తూ దిగాను.

కింద అంబులెన్స్ ఉంది. మా ఆడపడుచు ఎప్పుడు ఫోన్ చేసిందో నాకు తెలియదు.

ఇప్పుడు ఒంటి నిండా తీగలు పెట్టారు. గుండె ఎప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేమంటున్నారు, ఈ కొద్ది రోజులూ గడవాలంటున్నారు. ఇక్కడి పెద్ద డాక్టరు కొండ మీద ఏం తిందో అడిగాడు. చెప్పాను. "ఇన్నాళ్ళు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టినా ప్రమాదమేనమ్మా. కొలిచి, కొద్దికొద్దిగా పెట్టాలి" అన్నాడు.

ఇంకొంచెం అన్నది నేను.

17, మంగళవారం

ఆయనకి తెలిసిపోయింది. క్లినిక్ నుంచి కాగితాలు తెప్పించారు, ఇక్కడి డాక్టరు ఆయన ఎదురుగానే నన్ను అడిగాడు, ముందే చెబితే ఎందుకు తీసుకురాలేదని.

వరండాలో నన్ను నిలబెట్టి అడిగారు. గొంతు పెంచలేదు.

"పోయిన సోమవారమే చెప్పారా నీకు?"

"చెప్పారు."

"మెట్లు కూడా ఎక్కించొద్దన్నారా?"

"అన్నారు."

"నేను రోజూ పొద్దున దాని మొహం చూసే పనికి వెళ్తాను. మొహం కాస్త పీక్కుపోయినట్టుందే అనుకునేవాణ్ణి. మళ్ళీ చూస్తే ప్యాంటు సరిపోతోంది, చొక్కా సరిపోతోంది. బాగానే ఉందిలే అనుకునేవాణ్ణి. నువ్వు నా కళ్ళకి గంతలు కట్టావే."

"తిట్టండి" అన్నాను.

"తిట్టడానికి ఓపిక లేదు" అని వెళ్ళి బెంచీకి ఆ చివర కూర్చున్నారు. నేను ఈ చివర కూర్చున్నాను. మధ్యలో ఎవరెవరో వచ్చి కూర్చున్నారు, లేచారు. చెంప మీద ఒకటి కొట్టి ఉంటే బావుండేది.

18, బుధవారం

గొట్టం వేశారు. బుంగ తల గోడవైపు తిప్పుకుంది. నన్ను చూడటం లేదు.

దేవుడా, నన్ను తీసుకుపో. దాన్ని వదిలెయ్యి.

19, గురువారం

మా ఆడపడుచు సెలవు పొడిగించుకుంది. ఇంటికెళ్ళి మాకు బట్టలు తెచ్చింది, నా పక్కన కూర్చుని కాఫీ గ్లాసు చేతిలో పెట్టింది. నాలుగు దులుపుతుందేమోనని ఎదురుచూశాను. దులిపితే ఏడుద్దామని చూశాను.

"సెలయేటి దగ్గరే నాకు తెలిసిపోయింది వదినా" అంది. "నాడి అంత నెమ్మదిగా ఉంటే చిన్న నర్సుకైనా తెలుస్తుంది. నీ మాట నమ్మలేదు. నీ మొహం చూసి ఊరుకున్నాను. ఆరోజు మోకాలు సాకు పెట్టడం కాదు, అడ్డంగా నిలబడాల్సింది. ఆ పాపంలో నాకూ వాటా ఉంది."

నీకేం వాటా అన్నాను. 

"రేపో ఎల్లుండో గొట్టం తీస్తారు. దానితో మాట్లాడు."

"ఏమని? తిన్నావా అంటే మొహం తిప్పుకుంటోంది."

"తిన్నావా అని కాదు. ఇంకేమైనా అడుగు. దాన్ని నువ్వు ఏదైనా అడిగి ఎన్నాళ్ళైంది?"

కోపం వచ్చింది. రోజూ అడుగుతూనే ఉన్నాను కదా అని వెనక్కి తిరిగి ఈ పేజీలన్నీ చదివాను. తిన్నావా, తింది, తింటుంది. ఇంకోటి లేదు.

20, శుక్రవారం

గుండె కాస్త నిలకడగా ఉందట. కాస్త అంటే ఎంత అని అడిగితే, కాస్తేనమ్మా అన్నారు.

22, ఆదివారం

పొద్దున గొట్టం తీశారు. ఆయన డాక్టరు గదికి వెళ్ళారు. నన్ను లోపలికి పంపారు, తిండి మాట ఎత్తకుండా కూర్చోమన్నారు.

కూర్చున్నాను. బుంగ కిటికీ వైపు చూస్తోంది. తనే మాట మొదలుపెట్టింది.

"కొండ మీద తిన్నాను కదమ్మా."

"తిన్నావు."

"మాట తప్పలేదు కదా."

"తప్పలేదు."

"నీకోసమే తిన్నాను. ప్రతి ముద్దా గొంతుకి అడ్డం పడింది. నువ్వేమో మొహం అంతా వెలిగిపోతూ చూస్తున్నావు. ఇంక ఏం చెప్పను?"

 అది ఇటు తిరిగింది. కళ్ళు ఎంత పెద్దవిగా ఉన్నాయో. మొహంలో కళ్ళే మిగిలాయి.

"అమ్మా, నువ్వు నిజంగా చూడలేదా?"

"ఏంటమ్మా?"

"నా బట్టలు. వదులైన ప్రతిసారీ నీకే తెచ్చిచ్చాను. కావాలంటే నేనే పిన్ను పెట్టుకునేదాన్ని. బెల్టు కట్టుకునేదాన్ని. కాలేజీ పక్కనే టైలరున్నాడు, వాడికిచ్చేదాన్ని. అందరి దగ్గరా దాచాను. నీ దగ్గర దాచలేదు. నీ చేతికే ఇచ్చాను, నీ చేతికైతే తెలుస్తుందని. ఈసారి అడుగుతావు, ఈసారి అడుగుతావు అనుకుంటూ తెచ్చేదాన్ని. సాయంత్రానికల్లా కుట్టేసి, ఇస్త్రీ చేసి, నా మంచం మీద పెట్టేదానివి."

  మంచి పని చేస్తున్నాననుకున్నాను, పిల్ల నలుగురిలో సిగ్గుపడకూడదని అనుకున్నాను, అవన్నీ నిజమే, కానీ అంతకంటే ముందు, ఒక్కసారి అడిగితే అది ఏం చెబుతుందోనని నేను భయపడ్డాను. అందుకే కుట్టాను. గుడ్డ సాగింది అని నాకు నేను చెప్పుకుంటూ కుట్టాను.

"ఏమైందే నీకు?" అని అడిగాను.

ఇంత చిన్న మాట. 

అది చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగింది, మళ్ళీ చెప్పింది. ట్రే పట్టుకుని వచ్చిన నర్సు తలుపు దగ్గర నిలబడి, మమ్మల్ని చూసి వెనక్కి వెళ్ళింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను. అది దాని మాట, నా పుస్తకంలో ఉండాల్సింది కాదు. నేను మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు, అంతే రాసుకుంటాను.

చివరికి అలసిపోయి కళ్ళు మూసుకుంది. "నాకు భయమేస్తోందమ్మా" అంది. "తినాలన్నా భయమే, తినకపోయినా భయమే. ఇది పోతుందో లేదో కూడా తెలీదు."

ఏం కాదులే అనబోయాను. నోటిదాకా వచ్చింది. డాక్టర్లు కూడా అనని మాట నేనెలా అంటాను?

"నాకూ భయంగా ఉందే" అన్నాను. ఈ మాట ఇన్నాళ్ళూ ఇందులో కూడా రాసుకోలేదు.

కళ్ళు తెరిచి నా వైపు చూసింది. "ఎంత?" అని అడిగింది.

"చాలా."

దుప్పటి కిందనుంచి చెయ్యి బయటికి తీసి నా చెయ్యి పట్టుకుంది.